వ్యాయామ విద్యకు బాటవేసిన హెచ్. సి. బక్ దొరగారు

మన అధ్యక్ష మండలం నూరేళ్ళ పండుగ జరుపుకొంటున్న ఈ శుభ సమయంలో మనకు సువార్త అందించిన మిషనరీలను, ఆసుపత్రులు కట్టిన డాక్టర్లను, అక్షరాలు దిద్దించిన పంతుళ్ళను స్మరించుకోవడం మన విధి. అట్టి వారిని గూర్చి ఈ సంచికలో పెద్దలు వ్రాస్తారు. మేము మాత్రం ఇట్టి సంచికలలో సాధారణంగా పేరు కనిపించని ఒక దైవసేవకుని గూర్చి వ్రాయదలచాము. ఆయన ప్రసంగాలతో పేరు పొందినవారు కారు. గుడులు కట్టించినవారూ కారు. ఆయన సేవ చేసిన చోటు ఆటస్థలం. ఆయన పేరు హ్యారీ క్రో బక్. ఆ రోజులలో అందరూ హెచ్. సి. బక్ దొరగారు అనేవారు.

ఆయన కార్యస్థానం మదరాసు. మదరాసులో పనిచేసిన దొరగారికి మన సోమల కొండలకు ఏమి సంబంధమని కొందరు అడగవచ్చు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు మదనపల్లె, పుంగనూరు, కుప్పం, సోమల ప్రాంతాలన్నీ మదరాసు రాష్ట్రంలోనివే. అక్కడి విద్యాశాఖవారు వేసిన ప్రణాళికే మన బడులలో నడిచింది. అందుచేత మదరాసులో బక్ గారు వ్యాయామ విద్యకు వేసిన బాట మన పల్లె బడుల వరకు వచ్చింది. ఈల మెడలో వేసుకొని మైదానంలో నిలబడిన ప్రతి వ్యాయామ ఉపాధ్యాయుని వెనుక ఆయన కష్టం కొంత ఉన్నది.

పుట్టుక, చదువు

బక్ గారు 1884వ సంవత్సరం నవంబరు 25వ తేదీన అమెరికా దేశం పెన్సిల్వేనియా రాష్ట్రంలో లివర్‌పూల్ అనే ఊరిలో జన్మించారు. ఇంగ్లండులోని పెద్ద రేవుపట్టణం లివర్‌పూల్ వేరు, ఇది వేరు. ఇది సస్క్వెహన్నా నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. యౌవనంలో ఆయన మసాచుసెట్సు రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణానికి వెళ్ళి, అక్కడి వై.ఎమ్.సి.ఎ. శిక్షణ కళాశాలలో వ్యాయామ విద్య అభ్యసించారు.

ఆ కళాశాలను గూర్చి నాలుగు మాటలు చెప్పకపోతే బక్ గారి మనస్సు మనకు అర్థం కాదు. వై.ఎమ్.సి.ఎ., అనగా క్రైస్తవ యువజన సమాజం, 1844లో లండను నగరంలో పుట్టింది. బట్టల దుకాణంలో పనిచేసే జార్జి విలియమ్స్ అనే యువకుడు తన తోటి గుమాస్తాలను ప్రార్థనకు, బైబిలు పఠనానికి కూడగట్టడంతో అది ప్రారంభమైంది. అది అమెరికాకు చేరిన తరువాత మరొక ఆలోచన బలపడింది. మనిషికి ఆత్మ ఉన్నది, మనస్సు ఉన్నది, శరీరమూ ఉన్నది. మూడూ దేవుడిచ్చినవే. అటువంటప్పుడు క్రైస్తవ సమాజం ఆత్మను మాత్రమే పట్టించుకొని శరీరాన్ని విడిచిపెట్టడం న్యాయమా అని స్ప్రింగ్‌ఫీల్డులో లూథర్ గ్యూలిక్ అనే ఉపాధ్యాయుడు ఆలోచించారు. ఆయన సూచించిన త్రికోణమే నేటికీ వై.ఎమ్.సి.ఎ. చిహ్నం. దాని మూడు భుజాలు శరీరం, మనస్సు, ఆత్మ.

మనం నేడు ఆడే రెండు ఆటలు ఈ సమాజంలోనే పుట్టాయి. 1891 చలికాలంలో మంచు వల్ల బయట ఆడుకోలేని విద్యార్థుల కొరకు స్ప్రింగ్‌ఫీల్డులో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు గది లోపల రెండు పండ్ల బుట్టలు గోడకు కొట్టించి, వాటిలో బంతి వేయించారు. అదే బాస్కెట్‌బాల్. 1895లో దగ్గరలోని హోల్యోక్ పట్టణంలో విలియమ్ మోర్గన్ అనే వై.ఎమ్.సి.ఎ. వ్యాయామ నిర్దేశకుడు వాలీబాల్ కనిపెట్టారు. సంక్రాంతికి మన పల్లెలలో రెండు గుంజలు పాతి, వల కట్టి ఆడే ఆట క్రైస్తవ యువజన సమాజం లోకానికి ఇచ్చినదని మన పిల్లలకు ఎంతమందికి తెలుసు?

లూకా సువార్తలో యేసు బాలుడు జ్ఞానంలోను, శరీరంలోను పెరిగాడని, దేవుని దయయందును మనుష్యుల దయయందును వర్ధిల్లాడని ఉన్నది కదా. బాలుని పెరుగుదల ఈ నాలుగు వైపులా జరగాలని ఆ కళాశాలవారు నమ్మేవారు. పౌలు భక్తుడు శరీరాన్ని దేవాలయంతో పోల్చాడు. దేవాలయానికి సున్నం వేసి శుభ్రంగా ఉంచుకొనే మనం శరీరమనే ఆలయాన్ని పాడుపెట్టవచ్చునా? ఈ విశ్వాసంతో తయారైన యువకుడు బక్ గారు.

మదరాసుకు రాక

మదరాసులో వై.ఎమ్.సి.ఎ.ను 1890లో డేవిడ్ మెకానఘీ అనే అమెరికను స్థాపించారు. మన తెలుగు సంఘాలకు చిరస్మరణీయులైన అజరయ్యగారు 1912లో దోర్నకల్ బిషప్పు కాకమునుపు చాల సంవత్సరాలు ఈ సమాజంలోనే కార్యదర్శిగా పనిచేశారు. 1908లో డాక్టర్ గ్రే అనే ఆయన కలకత్తాకు వ్యాయామ నిర్దేశకుడుగా వచ్చి పునాది వేశారు. 1916లో సేలం ప్రాంతపు కె. టి. పాల్ గారు ఈ సమాజానికి అఖిల భారత ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. సంఘ నాయకత్వం మన దేశస్థుల చేతికి వస్తున్న ఆ కాలంలో, 1919లో, బక్ గారు మదరాసుకు వచ్చారు. సతీమణి మేరీ గారు ఆయన పనికి తోడుగా నిలిచారు.

అప్పటి బడులలో వ్యాయామం ఏ స్థితిలో ఉండేదో చూడండి. వ్యాయామమంటే డ్రిల్లు. డ్రిల్లు చెప్పేవారు ఎక్కువగా పటాలంలో పనిచేసి పింఛను పుచ్చుకొన్న సిపాయిలు. పిల్లలను వరుసలు కట్టించడం, ఇంగ్లీషులో కేకలు వేయడం, ఎడమ కాలు కుడి కాలు కదిలించడం, తప్పు చేసినవానిని బెత్తంతో కొట్టడం, ఇంతే పాఠం. పట్టణపు ఉన్నత పాఠశాలలలో డంబెల్సు, గదల వంటి కర్రలు, ప్యారలల్ బార్లు ఉండేవి. వాటిమీద ఫీట్లు చేయగలిగినవారు నలుగురో ఐదుగురో, తక్కినవారు చూపరులు. జీతంలోను గౌరవంలోను డ్రిల్ మాష్టరుగారిది అందరికంటె కడపటి కుర్చీ.

తెలుగుదేశానికి శరీరబలం కొత్త కాదు. ఊరూర సాము గరిడీలు ఉండేవి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు సైదాపేటలో శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయులుగా పనిచేసి, పిమ్మట తమ బలప్రదర్శనలతో దేశవిదేశాలలో కీర్తి గడించిన సంగతి మనకు తెలిసినదే. అయితే ఒక మహాబలుడు రొమ్ముమీద ఏనుగును ఎక్కించుకొంటే లోకం చప్పట్లు కొడుతుంది గాని, బడిలో మూలన కూర్చున్న బక్కపిల్లవాని ఛాతీ పెరగదు. ఆ బక్కపిల్లవాడే బక్ గారి దృష్టిలో ముఖ్యుడు.

1920 నాటి చిన్న పాఠశాల

బక్ గారు బడిబడికీ తిరిగి తామే ఆటలు నేర్పవచ్చును. కాని ఒక్కరు ఎన్ని బడులకు తిరుగగలరు? పిల్లలకు నేర్పగల ఉపాధ్యాయులను తయారుచేయడమే సరియైన మార్గమని ఆయన గ్రహించారు. ఆ ఉద్దేశంతో 1920లో మదరాసులో వై.ఎమ్.సి.ఎ. వ్యాయామ విద్యా పాఠశాల ప్రారంభించారు. మొదట చేరినవారు వేళ్ళమీద లెక్కపెట్టదగినంతమంది. అదే క్రమేణ పెరిగి కళాశాల అయి, సైదాపేట దగ్గర అడయారు నది ఒడ్డున విశాలమైన మైదానాల మధ్య స్థిరపడింది. ఇప్పుడు ఆ చోటిని నందనం అంటున్నారు. ఆసియా ఖండంలో ఇటువంటి కళాశాలలలో మొదటిదని దానికి పేరు. 2020తో దానికి నూరేళ్ళు నిండాయి.

ఆ రోజులు ఎటువంటివో మరువకూడదు. గాంధీగారి సహాయ నిరాకరణోద్యమం సాగుతున్న కాలం. తెల్లవారి చేతినుండి వచ్చేది ఏదైనా అనుమానంగా చూచే కాలం. 1921 నుండి మదరాసు రాజధానిలో విద్యాశాఖ భారతీయ మంత్రుల క్రిందికి వచ్చింది. బక్ గారు ఆ ప్రభుత్వానికి వ్యాయామ విద్యలో సలహాదారుగా పనిచేసి, బడులలో ఏ తరగతి పిల్లలకు ఏ వ్యాయామం చెప్పాలో ప్రణాళిక తయారుచేసి ఇచ్చారు. ఆటల నియమాలను పుస్తకంగా ప్రచురించారు. ఆ నియమాల పుస్తకం పలుమార్లు అచ్చయి వ్యాయామ ఉపాధ్యాయుల చేతిపుస్తకమయింది. వ్యాయామ్ అనే పేరుతో ఒక పత్రికను కూడ నడిపారు.

ఆయన నేర్పిన పద్ధతి

బక్ గారు, ఆయన శిష్యులు తెచ్చిన మార్పును మేము నాలుగు మాటలలో చెప్పగలము.

మొదటిది, వ్యాయామం శిక్ష కాదు, విద్య. డ్రిల్లు మాష్టరు కేక వేసేవాడు. వ్యాయామ ఉపాధ్యాయుడు పాఠం చెప్పేవాడు. లెక్కల మాష్టరు తన పాఠాన్ని ముందుగా తయారుచేసుకొన్నట్లే ఆయన కూడ తయారుచేసుకోవాలి. ముందు ఒళ్ళు వేడెక్కే చిన్న పరుగులు, తరువాత అవయవాలను వంచే కసరత్తు, ఆ పిమ్మట ఆనాటి ముఖ్యమైన నైపుణ్యం, చివరకు అందరూ కలసి ఆడే ఆట, ఆఖరున ఊపిరి నెమ్మదించేవరకు విశ్రాంతి. నలభై నిమిషాలలో ఇంత క్రమం ఉన్నది. ఇందుకు శరీర నిర్మాణం, ఆరోగ్య సూత్రాలు, బాలల మనస్తత్వం తెలిసి ఉండాలి. అందుకే ఉపాధ్యాయులకు శిక్షణ అవసరమైంది.

రెండవది, ప్రతి పిల్లవాడు ఆడాలి. ఒక తరగతిలో నలభైమంది ఉండి, ఒక్క ఫుట్‌బాల్ ఇచ్చి పొమ్మంటే బలిసిన పదిమంది ఆడతారు, ముప్పైమంది గట్టున కూర్చుంటారు. అదే నలభైమందిని నాలుగు గుంపులు చేసి, ఒక గుంపుకు తాడు, ఒక గుంపుకు రింగు, ఒక గుంపుకు బంతి, ఒక గుంపుకు పరుగు పెట్టి, పది నిమిషాలకొకసారి మారిస్తే ఒక్కడు కూడ కూర్చోడు. పెద్దవాడు పెద్దవానితో, చిన్నవాడు చిన్నవానితో పోటీపడేటట్లు వయస్సు, ఎత్తు, బరువు చూచి జట్లు విభజించాలి. అప్పుడు బక్కపిల్లవానికి కూడ గెలిచే అవకాశం వస్తుంది. ఒక్కసారి గెలిచినవాడు మరుసటి రోజు తానే వస్తాడు. పల్లె బడులలో పనిచేసిన మాకు ఇది అనుభవంలోని మాట. ఖరీదైన సామాను లేకపోయినా సున్నపు గీత, పాత తాడు, గుడ్డతో చుట్టిన బంతి ఉంటే పాఠం సాగుతుంది.

మూడవది, ఆటలో శీలం తయారవుతుంది. తన చేయి తగిలిందని అంపైరు చూడకపోయినా చేయెత్తి ఒప్పుకోవడం, ఓడినప్పుడు ఎదుటి జట్టుతో చేయి కలపడం, తాను గోలు వేయగలిగినా మంచి చోట నిలబడిన మిత్రునికి బంతి అందించడం. ఇవి ఆదివారపు బడిలో చెప్పే పాఠాలే. అక్కడ వింటాము, ఇక్కడ చేస్తాము.

నాల్గవది, ఆరోగ్యం. పిల్లల గోళ్ళు, పళ్ళు, కళ్ళు చూడడం, బరువు వ్రాయడం, దగ్గు తగ్గని పిల్లవానిని ఆపి తల్లిదండ్రులకు కబురు చేయడం కూడ వ్యాయామ ఉపాధ్యాయుని పనే. తరగతి గదిలో కూర్చున్న పిల్లవాని నీరసం తెలియదు, పరుగెత్తించినప్పుడు తెలుస్తుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషనుల వారంతా కలసి నెలకొల్పి 1915లో తెరచిన క్షయ చికిత్సాలయం మనకు తెలియనిది కాదు. మంచి గాలి, వెలుతురు, తగిన ఆహారం, తగినంత శ్రమ, తగిన విశ్రాంతి. రోగం వచ్చాక అక్కడ డాక్టర్లు చెప్పిన మాటలనే, రాకమునుపు మన మైదానాలలో వ్యాయామ ఉపాధ్యాయులు చెప్పారు.

మన ఆటలకు చోటు

అమెరికానుండి వచ్చినవారిలో తమ ఆటలే గొప్పవని, ఈ దేశపు పిల్లలకు ఐకమత్యం, క్రమశిక్షణ తామే నేర్పాలని భావించినవారు ఉన్నారు. చరిత్రకారులు ఈ సంగతి దాచకుండా వ్రాస్తున్నారు. బక్ గారు కూడ ఆ కాలపు మనిషే. అయితే ఆయన గొప్పతనం ఏమంటే, వచ్చిన దేశంలో కళ్ళు తెరచుకొని చూచారు. బాస్కెట్‌బాల్, వాలీబాల్ నేర్పుతూనే చెడుగుడు, ఖోఖో వంటి ఆటలకు, దండీలకు, బస్కీలకు, లెజిముకు బడి వ్యాయామంలో చోటు కల్పించారు. ఊరికొక తీరుగా ఆడే ఆటలకు గీతల కొలతలు, ఆటగాళ్ళ సంఖ్య, పాయింట్లు వేసే పద్ధతి నియమాల పుస్తకంలోనికి ఎక్కాయి. ఒక ఆటకు ఒకే నియమం ఏర్పడితేనే గదా ఈ ఊరి బడి ఆ ఊరి బడితో ఆడగలిగేది? ఆ చెడుగుడే కబడ్డీ అనే పేరుతో 1990లో బీజింగు ఏషియాడులో చేరింది.

ఈ చెడుగుడును గూర్చి మన సంఘస్థులకు ఒక మాట చెప్పాలి. అంటరానివారని ఊరి బయట ఉంచబడిన కుటుంబాలనుండి మనలో అనేకులు వచ్చాము. బావి దగ్గర, గుడి దగ్గర, హోటలు దగ్గర తాకరాదన్న లోకంలో, చెడుగుడు కూతకు వెళ్ళినవాడు ఎదుటివారిని తాకాలి. ఎదుటివారు అతని కాళ్ళు పట్టుకొని ఆపాలి. తాకడమే ఆట. అన్ని ఇండ్ల పిల్లలను ఒకే గీత లోపల నిలబెట్టి ఆ ఆట ఆడించిన ఉపాధ్యాయుడు, తాను ప్రసంగం చేయకుండానే ఒక ప్రసంగం చేశాడు. ఆ పిల్లలు పెద్దవారైన తరువాత అందరూ మారిపోయారని మేము అనము. కాని ఒళ్ళంతా ఒకే దుమ్ము పూసుకొని ఇంటికి పోయిన పిల్లవాని మనస్సులో ఏదో ఒకటి నిలుస్తుంది.

ప్యారిస్ ప్రయాణం

బక్ గారి పేరు దేశమంతట తెలిసినది 1924లో. ఆ సంవత్సరం ఢిల్లీలో అఖిల భారత క్రీడలు జరిపి, ప్యారిస్ ఒలింపిక్ క్రీడలకు జట్టును ఎంపికచేశారు. ఆ జట్టుకు మేనేజరుగా బక్ గారు ప్యారిస్ వెళ్ళారు. హర్డిల్సు పందెంలో పరుగెత్తిన సి. కె. లక్ష్మణన్, లాంగ్‌జంపులో పాల్గొన్న దలీప్ సింగ్ ఆ జట్టులోనివారే. పతకాలు రాలేదు. అయినా మన పిల్లలను లోకం నడుమ నిలబెట్టాలంటే ముందు మన జిల్లాలలో, తాలూకాలలో, బడులలో క్రమమైన పోటీలు ఉండాలన్న సత్యం తేటపడింది.

ఆ తరువాత బక్ గారు, వై.ఎమ్.సి.ఎ. వారే అయిన డాక్టర్ నోరెన్ గారు, జి. డి. సోంధీ గారు మొదలగువారు రాష్ట్రాలలో క్రీడాసంఘాలు ఏర్పడడానికి పాటుపడ్డారు. 1927లో దొరాబ్జీ టాటా గారు అధ్యక్షులుగా, నోరెన్ గారు కార్యదర్శిగా భారత ఒలింపిక్ సంఘం నెలకొన్నది. ఇంత పెద్ద పనిలో భాగం పంచుకొన్న బక్ గారు, దాని తరువాత మరల మదరాసు వచ్చి తన శిక్షణ పాఠశాల మైదానంలోనే నిలబడ్డారు. ప్యారిస్ మైదానానికి, పల్లె బడి మైదానానికి మధ్య ఆయన పల్లె బడినే ఎన్నుకొన్నారని మేము అనుకొంటాము.

మన ప్రాంతానికి వచ్చిన ఫలం

మన ప్రాంతంలో విద్యాదానం ఆర్కాటు మిషనువారితో బలపడింది. 1853లో స్కడ్డరు సోదరులు నెలకొల్పిన ఆ మిషను తరపున 1863లో జేకబ్ చేంబర్లేన్ దొరగారు మదనపల్లెకు వచ్చి నివసించారు. పిమ్మట హోప్ హైస్కూలు, బోర్డింగులు, పల్లెలలో చిన్న బడులు వచ్చాయి. బోర్డింగు పిల్లలకు తెల్లవారి ప్రార్థన, పగలు చదువు, సాయంకాలం ఆట అనే క్రమం ఉండేది. ఆ సాయంకాలపు గంటకు బక్ గారి కళాశాల నేర్పిన పద్ధతులు బలం చేకూర్చాయి. మదరాసులో శిక్షణ పొందిన వ్యాయామ ఉపాధ్యాయుడు ఉండడం ఉన్నత పాఠశాలకు ఒక గౌరవమయింది. నిజాం రాజ్యంలో కూడ 1931లో హైదరాబాదులో వ్యాయామ విద్యా కళాశాల ఏర్పడింది.

ముసలివారికి గ్రిగ్ పోటీలు జ్ఞాపకం ఉండే ఉంటాయి. మదరాసు విద్యాశాఖకు పూర్వం డైరెక్టరుగా ఉండిన గ్రిగ్ దొరగారి పేరుమీద బడులకు జరిగే పోటీలవి. బండ్లమీద, బస్సులమీద పిల్లలను తీసుకొనిపోయి, ఏదో ఒక బడిలో చాపలమీద పడుకోబెట్టి, రాగిసంకటో చద్దన్నమో పెట్టి, తెల్లవారి పరుగుపందేలకు నిలబెట్టిన డ్రిల్ మాష్టర్లు ఎందరో. ఆ మాష్టర్లలో ఎక్కువమంది పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. పరుగెత్తిన పిల్లలు మాత్రం పోలీసులు, సైనికులు, నర్సులు, ఉపాధ్యాయులు అయి, తమ మాష్టరుగారిని కనబడినచోట వంగి నమస్కరించారు.

చివరి దినాలు

రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1943వ సంవత్సరం జూలై 24వ తేదీన బక్ గారు మదరాసులో ప్రభువునందు నిద్రించారు. అప్పటికి వారి వయస్సు 58 సంవత్సరాలు. అందులో ఇరువదినాలుగు సంవత్సరాలు మన దేశానికి ఇచ్చారు. స్వదేశంలో పుట్టి, పరదేశంలో పిల్లలను ఆడించి, ఆ పరదేశంలోనే కన్నుమూశారు. ఆయన చనిపోయిన నాలుగేండ్లకు దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, ఆ 1947లోనే దక్షిణ ఇండియా సంఘమూ ఏర్పడింది. ఆ రెండింటినీ చూడడానికి ఆయన లేరు. కాని స్వతంత్ర భారతదేశంలో వ్యాయామ విద్యను నడిపించిన తరంలో ఆయన కళాశాలనుండి వచ్చినవారు అనేకులున్నారు.

నేడు మన బాధ్యత

ఈ జీవితాన్ని చదివి దేవునికి స్తోత్రమని చెప్పి పుటను త్రిప్పితే చాలదు. నేటి మన పిల్లల సంగతి ఏమిటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 5 నుండి 17 సంవత్సరాల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్ళు అలసేటట్లు కదలాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని చెప్పింది. చట్టం ఉన్నది, సూచన ఉన్నది. ఆట ఉన్నదా? టైంటేబులులో ఆటల పీరియడు ఉంటుంది, పరీక్షలు దగ్గరపడగానే దానిని లెక్కలకు, సైన్సుకు తీసుకొంటారు. తల్లిదండ్రులమైన మనమే దానిని మెచ్చుకొంటాము. ఆడపిల్ల పెద్దమనిషి కాగానే ఆటకు పంపము. లావుగా ఉన్న పిల్లవానిని, నడవలేని పిల్లను స్కోరు వ్రాయడానికి కూర్చోబెడతాము. ఇంటికి వచ్చిన పిల్లవాడు సెల్‌ఫోనులో క్రికెట్ ఆడుతుంటే కదలకుండా ఉన్నాడని సంతోషిస్తాము.

మన మిషను పెద్దలు ఆనాడు గుడికి, బడికి స్థలం తీసుకొన్నప్పుడు ఆటకు కూడ విశాలంగా స్థలం విడిచిపెట్టారు. ఆ స్థలాలు నేడు వెల కట్టలేనివి. అంగళ్ళు కట్టి బాడుగకు ఇస్తే సంఘానికి ఆదాయం వస్తుందన్న మాట అక్కడక్కడ వినబడుతున్నది. సంఘానికి ఆదాయం అవసరమే. కాని పిల్లల మైదానం ఒకసారి పోతే మరల రాదు. ఈ నూరేళ్ళ పండుగలో మనం కట్టబోయే కట్టడాల పట్టికను వేసుకొంటున్నాము. కట్టకుండా ఉంచవలసిన స్థలాల పట్టిక కూడ ఒకటి వేసుకొందాము.

మేము సంఘస్థులను కోరేది ఎక్కువ కాదు. మన యాజమాన్యంలోని బడులలో ఆటల పీరియడును పరీక్షల నెలలో కూడ తీసివేయకుండా కాపాడాలి. వేసవి బైబిలు బడిలో పాటలకు, వాక్యాలకు ఇచ్చినట్లే ఆటకు ఒక గంట ఇవ్వాలి. ఆడపిల్లలకు చాటు, భద్రత కల్పించి ఆడనివ్వాలి. ఆదివారం సాయంకాలం గుడి ఆవరణలో యువజనులు వల కట్టుకొంటే పెద్దలు విసుగుకొనకూడదు. ఊరి పిల్లలు ఏ మతంవారైనా వచ్చి ఆడితే గేటు వేయకూడదు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయునికి లెక్కల ఉపాధ్యాయునితో సమానమైన కుర్చీ వేయాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ఏ జట్టువారూ కోరుకోని పిల్లవానిని మొదట పిలిచే అలవాటు మన ఆటస్థలాలలో ఉండాలి.

ఎంతోమంది శిష్యులను దేశం నలుమూలలకు పంపిన బక్ దొరగారి పని ఆ కడపటి పిల్లవానిని ఆటలోనికి తీసుకొనివచ్చే పని. అది సువార్త పనే అని మేము నమ్ముచున్నాము. విందుకు పిలువబడనివారిని వీధులలోనికి పోయి పిలుచుకొని రమ్మన్న ప్రభువు, మన మైదానాల గట్టున కూర్చున్న పిల్లలను కూడ చూస్తున్నాడు. రాబోయే నూరేళ్ళలో మన సంఘాల పిల్లలు ఆత్మలోను, మనస్సులోను, శరీరంలోను బలపడి, దేవునికి మహిమగా, దేశానికి మేలుగా ఎదుగునట్లు ప్రభువు కృప చూపునుగాక. ఆమేన్.